పోంచో తిరగేసి చూస్తే

నేతింట్లో పుట్టినవాళ్ళకు గుడ్డను తిరగేసి చూసే అలవాటు ఉంటుంది. కొత్త చీర అయినా, తువ్వాలు అయినా, పెళ్ళిలో పెట్టిన పంచె అయినా సరే, చేతికి రాగానే అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలుపుతారు, వెలుతురుకు ఎత్తుతారు, చివరికి వెనక ముఖం చూస్తారు. ముందు వైపు అందరికీ కనబడేదే. పనితనం తెలియాలంటే వెనక్కి తిప్పాల్సిందే.

మేము ఉండేది భీవండి దగ్గర మాన్కోలిలో. ముంబయి నుంచి నాసిక్ వెళ్ళే రహదారి పక్కన వరసగా గోదాములు, వాటి వెనక సందుల్లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి బతుకుదెరువుకు భీవండి చేరిన పద్మశాలీల్లో మా పెద్దబాపు ఒకరు. పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో తెలుగు బోర్డులు కనబడటానికి కారణం ఆ తరమే. ఆయన నలభై ఏళ్ళు సాంచాల మీద కోరా గుడ్డ నేశారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి గుర్రాల సినిమాలంటే ప్రాణం. ఆ ఇష్టం పెరిగి పెరిగి, పాత వెస్టర్న్ చిత్రాల్లో వాడిన దుస్తులకు, వస్తువులకు నకళ్ళు పోగుచేయడం దాకా వచ్చింది. ఇప్పుడు నా దగ్గర ఒక పోంచో, ఒక టోపీ, మెడకు కట్టే రుమాలు, నీలి ప్యాంటు, తోలు పటకా, చెక్కతో చెక్కిన ఒక రివాల్వరు ఉన్నాయి. ఉన్నవి కొద్దే అయినా ఒక్కొక్కటి నాకు పెద్ద చదువు చెప్పింది. ఆ చదువును పంచుకోవడానికే ఈ వ్యాసం.

మొదటి పాఠం పోంచో దగ్గరే మొదలైంది. సెర్జియో లియోనే తీసిన మూడు చిత్రాలు, 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’, 1965లో ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’, 1966లో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’, చూసినవాళ్ళెవరూ క్లింట్ ఈస్ట్‌వుడ్ భుజాల మీది ఆ గుడ్డను మరిచిపోలేరు. ముదురు ఆకుపచ్చ నుంచి గోధుమరంగులోకి తిరిగే ఊలు, దాని మీద తెల్లని కోణాల నమూనా, అంచున కుచ్చులు. ఒక దుకాణం నుంచి దాని నకలు తెప్పించుకున్నాను. పొట్లం విప్పి భుజాన వేసుకుని ఎంతో గర్వంగా పెద్దబాపుకు చూపించాను. ఆయన ముందు వైపు చూడనే లేదు. అంచు పట్టుకుని తిప్పారు.

“ఇది నేసింది కాదు బిడ్డా, అద్దింది. ఎనక మొకం చూసినవా?” అన్నారు.

వెనక వైపంతా మచ్చలేని ఒకే రంగు. తెల్లని కోణాల జాడ కూడా లేదు. నమూనాను నూలులో నేయకుండా పైన రంగుతో అచ్చు కొట్టారు. కెమెరా ముందు నిలబడితే తేడా తెలియదేమో. కాని మనిషి నడిచినప్పుడు గుడ్డ అంచు ఎగిరి మడత తిరిగితే ఆ అబద్ధం బయటపడుతుంది. నేసిన నమూనాలో నమూనా పేక గుడ్డ లోపలికి వెళ్ళి వెనక్కి వస్తుంది. అందుకే వెనక ముఖం మీద కూడా ముందు ముఖం నీడ ఉంటుంది. ఆ రోజు నుంచి ప్రతి నకలునూ వెనక నుంచి చదవడం నేర్చుకున్నాను.

ఈ రంగానికి కొత్తవాళ్ళకు ఒక మాట చెప్పాలి. సినిమా కోసం తయారైన అసలు వస్తువులు చాలా తక్కువ. అవి మ్యూజియంలలో, వేలాల్లో, నటుల ఇళ్ళలో ఉంటాయి. మనలాంటివాళ్ళకు దొరికేది, మనం చేయించుకోగలిగేది నకలే. అయితే అన్ని నకళ్ళూ ఒక జాతివి కావు. దూరం నుంచి పోలిక వస్తే చాలనుకునేది వేషం. చేతిలోకి తీసుకున్నా, తిరగేసినా, కుట్టు విప్పినా నిలబడేది పని. ఇలాంటి పని చేసేవాడు సినిమాను మనం చూసినట్టు చూడడు. ఒక్క దృశ్యాన్ని వందసార్లు ఆపి, కుట్టు ఎటు పోయింది, గుండీ ఎన్నోది, మరక ఎక్కడ మొదలైందని చూస్తాడు. పేరు తెలియని పాత దర్జీకి, పాత చర్మకారుడికి అతను ఆలస్యంగా దొరికిన శిష్యుడు.

టోపీ సంగతి చూడండి. కౌబాయ్ టోపీకి మూలం 1865లో జాన్ బి. స్టెట్సన్ చేసిన ‘బాస్ ఆఫ్ ద ప్లెయిన్స్’. ఆ టోపీ నడినెత్తి గుండ్రంగా, అంచు చదునుగా ఉండేది. ఇప్పుడు మనకు తెలిసిన సొట్టలూ వంపులూ అందులో లేవు. అవి పెట్టుకున్నవాళ్ళ వేళ్ళు చేసినవి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ఒకేచోట పట్టుకోవడం వల్ల, వానకు తడిసి ఎండకు ఆరడం వల్ల ఫెల్టు వంగి అలా నిలిచిపోయింది. ఫెల్టు నేసిన గుడ్డ కాదు. దానికి పడుగూ లేదు, పేకా లేదు. బొచ్చును వేడినీటిలో, ఆవిరిలో నలిపి నలిపి ముద్దగా అతుక్కునేలా చేస్తారు. అందుకే ఆవిరి పడితే మళ్ళీ మెత్తబడి చేతికి లొంగుతుంది. మంచి నకలు చేసేవాడు సొట్టను అచ్చులో పెట్టి నొక్కడు. టోపీని ముందు గుండ్రంగా చేసి, కెటిల్ మూతి దగ్గర ఆవిరి పట్టి, ఆ నటుడి చెయ్యి ఎక్కడ పట్టేదో అక్కడే తన వేళ్ళు పెట్టి నొక్కుతాడు. అచ్చులో నొక్కిన సొట్ట రెండు వైపులా సమానంగా ఉంటుంది. వేళ్ళ సొట్టలో బొటనవేలి వైపు లోతు ఎక్కువ. తేడా అంత చిన్నది. చూడటం తెలిసిన కంటికి మాత్రం అది ఎంతో పెద్దది.

మెడకు కట్టే రుమాలు నన్ను మా ఇంటికే తీసుకొచ్చింది. కౌబాయ్ మెడలోని ఎర్ర రుమాలును ఇంగ్లీషులో బందానా అంటారు. ఆ మాట మన ‘బాంధ్‌నా’ నుంచి, అంటే ముడివేసి రంగు అద్దడం నుంచి పుట్టింది. భారతదేశం నుంచి ఓడలెక్కిన ముడి అద్దకపు చదరపు గుడ్డలకు యూరప్‌లో గిరాకీ పెరిగితే, అక్కడి మిల్లులు ఆ చుక్కలను అచ్చు కొట్టి చవకగా అమ్మాయి. అంటే కౌబాయ్ మెడలోని రుమాలే మన గుడ్డకు ఒక నకలు. ఆ ఎరుపు పేరు టర్కీ ఎరుపు. రంగు గట్టిగా పట్టడానికి నూలుకు ముందుగా నూనె పట్టించేవారు. ఈ మాట చదివినప్పుడు నాకు తేలియా రుమాళ్ళు నేసే పుట్టపాక గుర్తొచ్చింది. తేలియా రుమాలుకు ఆ పేరు వచ్చింది కూడా నూనె వల్లే. ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత ఎరుపు, నలుపు అద్దుతారు. చీరాల ఈ రుమాళ్ళకు పాత పుట్టినిల్లు. పుట్టపాక దాన్ని నేటిదాకా నిలబెట్టింది. ఆ ఊరి నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

తేలియా రుమాలులో పడుగునూ పేకనూ రెంటినీ ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు. నేసేటప్పుడు ఆ రెండు రంగులూ ఒకచోట కలవాలి. ఒక్క పోగు జరిగినా గీత చెదురుతుంది. అంత కష్టానికి ఫలం ఏమిటంటే, ఆ గుడ్డకు వెనక ముఖం అనేదే లేదు. రెండు వైపులా ఒకే ఎరుపు, ఒకే నలుపు. బజారులో దొరికే అచ్చు బందానాను తిప్పితే వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది. నిజానికి వెస్టర్న్ చిత్రాల్లోని రుమాళ్ళు ఎక్కువగా అచ్చు గుడ్డలే. కాబట్టి సినిమాకు నకలు కావాలంటే వెలిసిన వెనక ముఖమే సరైనది. నా పెట్టెలో రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాను. ఒకటి సినిమాకు న్యాయం చేస్తుంది. ఇంకొకటి ఆ సినిమా రుమాలుకు కూడా తెలియని దాని ముత్తవ్వ.

ప్యాంటు విషయంలోనూ అంతే. డంగరీ అనే మాట ముంబయి డోంగ్రీ పేరు నుంచి వచ్చింది. అక్కడ అమ్మే ముతక నూలు గుడ్డకు ఆ పేరు పడింది. ఠాణే వెళ్ళి లోకల్ ఎక్కి శాండ్‌హర్స్ట్ రోడ్ స్టేషన్‌లో దిగితే డోంగ్రీ నడక దూరం. కౌబాయ్ తొడుక్కున్న డెనిమ్ దాని దగ్గరి బంధువు. డెనిమ్‌లో పడుగుకు మాత్రమే నీలిమందు. పేక తెలుపు. నేత ట్విల్, అంటే పడుగు పోగు మూడు పేకల మీదుగా దూకి ఒకదాని కిందికి పోతుంది. అందుకే ముందు నీలం, వెనక తెలుపు. నీలిమందు పోగు నడిమికంటా దిగదు, పైపైనే పట్టుకుంటుంది. రాపిడి తగిలిన చోట లోపలి తెలుపు బయటపడుతుంది. మోకాలు, తొడ మీది మడతలు, జేబు అంచులు వెలిసిపోవడం ఆ మనిషి ఎలా కూర్చున్నాడో, ఎలా నడిచాడో రాసిన రాత. యంత్రంతో రుద్దిన ప్యాంటులో ఆ రాత అందరికీ ఒకటే. మంచి నకలులో అది ఒక్కరిదే.

ఇక్కడే ఈ విద్యలోని అసలు చిక్కు వస్తుంది. దేనికి నకలు చేయాలి? చరిత్రకా, సినిమాకా? దర్జీ జాకబ్ డేవిస్, వ్యాపారి లెవీ స్ట్రాస్ కలిసి జేబు మూలల్లో రాగి రివెట్లు బిగించే పద్ధతికి 1873 మే 20న పేటెంటు తీసుకున్నారు. ఆ ప్యాంట్లకు బెల్టు దూర్చే పట్టీలు 1922లో గాని రాలేదు. అంతకుముందు భుజాల మీదుగా వేసుకునే పట్టీలకు గుండీలే. 1870ల కథలో నాయకుడి ప్యాంటుకు బెల్టు పట్టీలు కనబడితే అది చరిత్ర ప్రకారం తప్పు. 1939లో వచ్చిన ‘స్టేజ్‌కోచ్’లో జాన్ వెయిన్ గిరగిరా తిప్పే వించెస్టర్ 1892 నాటి నమూనా. కథ జరిగేది దానికి చాలా ముందు. నడుము పటకాకు చీలిక పెట్టి, అందులోంచి తుపాకీ తొడుగు తొడ మీదికి వేలాడదీసే ‘బస్కడేరో’ పద్ధతి పాత పశువుల కాపర్లు ఎరిగింది కాదు. అది 20వ శతాబ్దంలో వచ్చింది, తెర మీద పాతుకుపోయింది. మంచి నకలుదారు ఈ తప్పులను దిద్దడు. సినిమా చేసిన తప్పును సినిమా చేసినట్టే చేస్తాడు. పాత తాళపత్రాన్ని నకలు రాసే లేఖకుడికి మూలంలో ఉన్నదాన్ని ఉన్నట్టే దించడానికి ఎంత నిగ్రహం కావాలో, ఇక్కడా అంతే కావాలి. తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి, కనబడినదానికి లోబడటం చిన్న గుణం కాదు.

తోలు పటకా చేసేవాడి చేతిలో ఆ నిగ్రహాన్ని కళ్ళారా చూడవచ్చు. మంచి తొడుగుకు చెట్టు బెరడుతో పదును చేసిన తోలు కావాలి. మన దక్షిణాదిలో తరతరాలుగా తోలు పదునుకు వాడింది తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల తంగేడే. అలాంటి తోలును తడిపితే మట్టిలా లొంగుతుంది. తడి తోలును తుపాకీ నమూనా చుట్టూ చుట్టి, ఎముక ముక్కతోనో నున్నని కర్రతోనో ఒత్తి, నీడలో ఆరనిస్తారు. ఆరాక ఆ ఆకారం ఇక వదలదు. కుట్టు రెండు సూదులతో. ఒకే రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరుతాయి. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరసంతా ఊడుతుంది. రెండు సూదుల కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. దారానికి మైనం రుద్దుతారు, రంధ్రంలో బిగిసి కూర్చోవడానికి. దీనికీ వెనక ముఖమే పరీక్ష. మిషను కుట్టుకు వెనక ముడులు, వదులు పోగులు కనబడతాయి. చేతి కుట్టు రెండు వైపులా ఒకే తీరు.

ఇక చివరి పని, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పాతదనం తేవడం. కొత్త గుడ్డ తెర మీద కొత్తగానే కనబడుతుంది. ఎడారిలో నెలలు తిరిగిన మనిషి ఒంటి మీద అది నిలవదు. అందుకే కాస్ట్యూమ్ పనివాళ్ళు గరుకు కాగితంతో రుద్దుతారు, ఇనుప బ్రష్షుతో గీస్తారు, టీ డికాక్షన్‌లో ముంచి తెలుపు చంపుతారు, మోచేతులకు మైనం పూసి జిడ్డు తెస్తారు, పైన దుమ్ము చల్లుతారు. ఆ దుమ్ము ఏమిటనుకున్నారు? ఎక్కువగా వాడేది ముల్తానీ మట్టి. మన ఇళ్ళలో ముఖానికి పూసుకునేదే. ఇంగ్లీషులో దాని పేరే గుడ్డ పని నుంచి వచ్చింది. ఊలు గుడ్డలోని జిడ్డు తీయడానికి ఆ మట్టి వేసి తొక్కేవారు. జిడ్డు పోగొట్టే మట్టినే మురికి చూపించడానికి వాడటం ఈ చేతిపని తెలివి. దుమ్ము ఎక్కడ పడాలో తెలియడమే అసలు విద్య. భుజాల మీద పడుతుంది, చంకల్లో పడదు. టోపీ అంచు మీద నిలుస్తుంది, అడుగున నిలవదు. గుర్రమెక్కే మనిషి ప్యాంటు లోపలి తొడ దగ్గర అరుగుతుంది, మోకాలి వెనక కాదు.

మన తెలుగులో ఈ విద్యకు పరీక్ష పెట్టిన సినిమా 1971లో వచ్చింది. పద్మాలయా వారి ‘మోసగాళ్ళకు మోసగాడు’. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి, రచన ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆ చెయ్యే ఈ గుర్రాల కథనూ రాసింది. ఆయన కౌబాయ్‌ను అమెరికాలో వదిలేయకుండా, ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి మన నేల మీదికి, ఒక సంస్థానపు నిధి కథలోకి దించారు. రాజస్థాన్ ఎడారిలో, హిమాచల్ కొండల్లో కృష్ణ టోపీ పెట్టి, నడుముకు తుపాకీ కట్టి గుర్రమెక్కితే మనవాళ్ళు నమ్మారు. ఆ నమ్మకంలో దర్జీ, చర్మకారుడు, ప్రాప్ మనిషి వాటా ఎంతో ఉంది. వాళ్ళ చేతిలో విదేశీ పుస్తకం లేదు, ఇప్పటిలా దృశ్యాన్ని ఆపి చూసే వీలు లేదు. థియేటర్లో చూసిన డాలర్ చిత్రాల జ్ఞాపకమే కొలత. మన బజారులో దొరికిన తోలు, మన మిల్లు గుడ్డ, మన చెక్క. అయినా ఆ టోపీ కృష్ణ తల మీద అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. 1990లో ‘కొదమసింహం’లో చిరంజీవి, 2002లో ‘టక్కరి దొంగ’లో మహేశ్‌బాబు అదే దారిలో నడిచారు. కృష్ణ కన్నుమూసిన తరువాతి ఏడు, 2023లో, ‘మోసగాళ్ళకు మోసగాడు’ కొత్త మెరుగుతో మళ్ళీ విడుదలైంది. పాత ప్రింటులో కనబడని కుట్లు ఇప్పుడు కనబడతాయి. తెలుగు కౌబాయ్ దుస్తులకు మంచి నకళ్ళు చేయాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి సమయం లేదు. ఆ పని చేతకాక ఆగలేదు. ఆ పాత పనివాళ్ళను అంత శ్రద్ధగా చూడాలని మనకు తోచక ఆగింది.

మళ్ళీ పోంచో దగ్గరికి వస్తాను. అచ్చు గుడ్డ పోంచోను పక్కన పెట్టి, కులూ వైపు ఊలు నేసే ఒక చేనేతకారుడితో రెండోది నేయించాను. తెల్లని కోణాలను పేకలో పెట్టి నేశాడు. తిప్పి చూస్తే వెనక కూడా నమూనా నీడ ఉంది. బరువుగా ఉంది. భుజాన వేసుకుంటే మా ఊరి కురుమల గొంగడి గుర్తొచ్చింది. వానకూ చలికీ తల మీదుగా కప్పుకునే గొంగడి కూడా పశువుల కాపరిదే కదా.

ఒక్క పని మిగిలింది. మొదటి చిత్రం చివర నాయకుడు పోంచో లోపల ఇనుప పలక కట్టుకుని నిలబడతాడు. శత్రువు రైఫిలుతో గుండెకు గురిపెట్టి కాలుస్తాడు. తూటాలు గుడ్డను చీల్చి పలకకు తగులుతాయి. రెండో చిత్రంలో అదే పోంచోను అటుదిటుగా వేసుకోవడంతో, ఆ రంధ్రాలకు వేసిన అతుకులు వెనక భుజం దగ్గరికి వచ్చాయని సేకర్తలు దృశ్యం ఆపి చూపిస్తారు. రెండో చిత్రం పోంచో కావాలంటే ముందు మంచి గుడ్డకు రంధ్రాలు చేయాలి, తర్వాత వాటిని బాగుచేయాలి. అదీ కనబడేలా.

నేను పెద్దబాపును అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. జీవితమంతా తెగిన పోగును తెలియకుండా అతకడమే ఆయన పని. గుడ్డలో లోపం కనబడితే సేటు డబ్బు కోసేవాడు. అలాంటి చేతిని ఇప్పుడు అతుకు కనబడేలా పెట్టమంటున్నాను. చివరికి కళ్ళద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చున్నారు. వెలిసిన ఊలు పోగు ఒకటి ఎంచుకున్నారు, కావాలనే రంగు కొంచెం తేడాగా. రంధ్రం అంచున పడుగు పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి సూదిని నడిపారు. పైన అతుకు గరుకుగా, తొందరలో ఎవరో మొరటు చేత్తో వేసినట్టు ఉంది. సినిమాలో ఉన్నట్టే ఉంది.

మూడు అతుకులూ అయ్యాక పోంచో నా చేతికిచ్చారు. అలవాటుగా తిప్పి చూశాను. వెనక వైపు ఒక్క ముడి లేదు, ఒక్క కొస బయటికి లేదు. పోగులన్నీ గుడ్డలోకి ఇంకిపోయి, వేలితో తడిమితే రంధ్రం ఉన్న చోటు తెలియడం లేదు. ముందు వైపు సినిమా అడిగినట్టు వేశారు. వెనక వైపు తనకు తెలిసినట్టు వేశారు.